పిల్లలతో తిరుపతి నుండి సముద్రానికి: పులికాట్, మైపాడు, మహాబలిపురం, సూర్యలంకలలో ఎవరికి ఏది తగును?

తిరుపతి పిల్లలకు కొండ కొత్త కాదు. బడికి వెళ్ళే దారిలో ఎటు తిరిగినా శేషాచలం కనిపిస్తూనే ఉంటుంది. సముద్రం మాత్రం వారికి సెలవుల్లో తప్ప కలవని దూరపు చుట్టం. నిజానికి బంగాళాఖాతం మన ఊరికి తూర్పున వంద కిలోమీటర్ల లోపే ఉంది. అయినా "సముద్రానికి వెళ్దాం" అనుకున్న ప్రతిసారీ ఇంట్లో మొదలయ్యే చర్చ ఎంత దూరమన్నది కాదు, ఎటు వెళ్ళాలన్నదే. తూర్పుకు వెళ్తే పులికాట్ సరస్సు, ఈశాన్యానికి వెళ్తే నెల్లూరు దగ్గరి మైపాడు, దక్షిణానికి వెళ్తే మహాబలిపురం, దానికి ఇంకా కింద పుదుచ్చేరి, ఉత్తరాన చాలా దూరం వెళ్ళగలిగితే చీరాల, బాపట్ల దగ్గరి సూర్యలంక. పదేళ్ళ లోపు పిల్లలను వెంటబెట్టుకొని కారులో బయలుదేరే కుటుంబం ఈ దారులలో దేనిని ఎంచుకోవాలో, ఎందుకు ఎంచుకోవాలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. "తీరం వెంబడి ప్రయాణం" అనగానే కారు కిటికీలోంచి గంటల తరబడి అలలు కనిపిస్తాయని పిల్లలు ఊహిస్తారు, పెద్దలూ ఊహిస్తారు. మన వైపు అలా జరగదు. నాయుడుపేట నుండి గూడూరు, నెల్లూరు, కావలి మీదుగా ఒంగోలు వెళ్ళే 16వ నంబరు జాతీయ రహదారిని తీర రహదారిగానే చెప్పుకుంటాము గానీ, ఆ దారిలో కనిపించేవి వరి మళ్ళు, రొయ్యల చెరువులు, లారీలు మాత్రమే. సముద్రం చూడాలంటే ప్రతిచోటా రహదారి వదిలి తూర్పుకు పదిహేను, ఇరవై కిలోమీటర్లు చిన్న రోడ్డు మీద వెళ్ళి, మళ్ళీ వెనక్కు రావలసి ఉంటుంది. చెన్నై నుండి పుదుచ్చేరి వెళ్ళే ఈసీఆర్ అనే తూర్పు తీర రహదారి సముద్రానికి చాలా దగ్గరగా సాగుతుంది. కానీ అక్కడ కూడా ఎక్కువ భాగం సరుగుడు తోపులు, రిసార్టుల ప్రహరీలు, కొత్త ఇళ్ళు అడ్డు నిలుస్తాయి. కారులో కూర్చొని రెండు వైపులా నీటిని చూడగలిగే దారి మనకు దగ్గరలో ఒక్కటే ఉంది. అది సూళ్ళూరుపేట నుండి శ్రీహరికోటకు పులికాట్ సరస్సును చీల్చుకుంటూ వెళ్ళే రోడ్డు. అది సముద్రం కాదు, ఉప్పునీటి సరస్సు. ఈ సంగతి బయలుదేరే ముందే పిల్లలకు చెప్పి ఉంచితే, వెనుక సీటులోంచి పది నిమిషాలకు ఒకసారి వచ్చే "సముద్రం ఇంకా రాలేదా?" అనే ప్రశ్న కనీసం సగానికి తగ్గుతుంది.

దూరం కన్నా కూర్చునే గంటలే లెక్క

మా పెద్దవాడికి నాలుగేళ్ళు, చిన్నదానికి ఏడాదిన్నర ఉన్నప్పుడు ఒకే రోజులో పుదుచ్చేరి చేరాలని ఉదయం తొమ్మిది గంటలకు తిరుపతి నుండి బయలుదేరాము. మధ్యాహ్నం రెండు గంటలకు చెన్నై నగరపు సిగ్నళ్ళ మధ్యలో ఉన్నాము. చిన్నది సీటులో ఉండనని ఏడుస్తోంది, పెద్దవాడు రెండుసార్లు వాంతి చేసుకున్నాడు, మేమిద్దరం ఒకరితో ఒకరు మాట్లాడడం మానేశాము. రాత్రి ఎనిమిది దాటాక గదికి చేరితే, బుకింగులో "బీచ్ ఫేసింగ్" అని చూపిన ఆ వసతి నుండి సముద్రానికి రెండు కిలోమీటర్లు నడవాలని తెలిసింది. ఆ ప్రయాణం నేర్పిన రెండు కొలమానాలతోనే ఆ తరువాత ప్రతి యాత్రనూ ఎంచుకుంటున్నాను. మొదటిది, పిల్లలు రోజులో మొత్తం ఎన్ని గంటలు సీటులో కూర్చోవాలి అన్నది. రెండవది, పడుకునే మంచానికీ ఇసుకకూ మధ్య ఎంత దూరం అన్నది. బీచ్ అందం, ఫోటోలు, హోటల్ నక్షత్రాలు ఈ రెండింటి తరువాతనే వస్తాయి.

నా అంచనాలో ఐదేళ్ళ లోపు పిల్లలకు రోజుకు నాలుగు గంటల కారు ప్రయాణమే గరిష్ఠం. అది కూడా గంటన్నరకు ఒకసారి దిగి కాళ్ళు చాచుకునే వీలున్నప్పుడే. ఆరు, ఏడేళ్ళు దాటిన పిల్లలు మధ్యలో మంచి విరామాలుంటే ఆరు గంటలు కూడా ఓర్చుకుంటారు. ఈ లెక్కను దగ్గర పెట్టుకొని ఒక్కో దారినీ చూద్దాము.

పులికాట్, నేలపట్టు: ఒక్క రోజు చాలు

రేణిగుంట, శ్రీకాళహస్తి మీదుగా నాయుడుపేట చేరి, అక్కడ చెన్నై వైపు తిరిగితే సూళ్ళూరుపేట వస్తుంది. మొత్తం తొంభై కిలోమీటర్లకు అటూ ఇటూ, రెండు గంటల ప్రయాణం. నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రం నాయుడుపేటకు, సూళ్ళూరుపేటకు మధ్యనే దొరవారిసత్రం దగ్గర ఉంది. తెల్లవారుజామున ఆరుకు బయలుదేరితే ఎండ ముదరక ముందే నేలపట్టు చూసుకొని, పదకొండుకల్లా సరస్సు రోడ్డు మీదకు వెళ్ళి, సాయంత్రానికి ఇంట్లో ఉండవచ్చు. గది తీసుకోవలసిన పని లేదు. పసిపిల్లలున్న ఇంటికి ఇది చిన్న సౌకర్యం కాదు. పాల సీసాల నుండి పక్క దుప్పటి దాకా మోయవలసిన మూటలో సగం ఇంటి దగ్గరే ఉండిపోతుంది.

చిలికా తరువాత మన దేశంలో రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. దీనిలో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో, మిగిలినది తమిళనాడులో ఉంది. చాలా చోట్ల నీరు పెద్దవారి నడుము దాటని లోతులోనే ఉంటుంది కాబట్టే, పొడవు కాళ్ళ ఫ్లెమింగోలు వేల సంఖ్యలో దిగి, తల నీటిలో తలకిందులుగా ముంచి మేత వెతుక్కుంటాయి. వాటి గులాబీ రంగు పుట్టుకతో వచ్చేది కాదు. పిల్లలుగా ఉన్నప్పుడు అవి బూడిద రంగులో ఉండి, తినే నాచులోనూ సన్న రొయ్యలలోనూ ఉండే రంగు పదార్థం వల్ల క్రమంగా గులాబీకి మారతాయి. ఈ మాట చెప్పగానే మా చిన్నది బీట్‌రూట్ తింటే తానూ అలా మారుతుందా అని అడిగి, ఆ వారమంతా బీట్‌రూట్ తిన్నది. నేలపట్టులో కనిపించేవి వేరు. అక్కడ చెరువు నీటిలో నిలిచిన చెట్ల మీద గూడబాతులు, అంటే పెలికాన్లు, గూళ్ళు కట్టి పిల్లలను పెంచుతాయి. వాటి రెట్ట కలిసిన నీరు పొలాలకు బలమని చుట్టుపక్కల రైతులు నమ్ముతారు, అందుకే ఆ పక్షులను ఎవరూ కదిలించరు.

ఈ ఎంపికకు ఉన్న అసలు పరిమితి కాలం. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు మాత్రమే ఈ ప్రయాణానికి అర్థం ఉంది. ఎండాకాలంలో సరస్సు ఉత్తర భాగం చాలా మేర ఎండి, పగిలిన మట్టిగా మిగులుతుంది. ఫ్లెమింగో పండుగ సాధారణంగా జనవరిలో జరుగుతుంది. ఆ రోజుల్లో వేదికలు, దుకాణాలు, జనం ఉంటారు, పక్షులు దూరం జరుగుతాయి. పక్షులను చూడడమే ఉద్దేశమైతే పండుగ ముగిసిన తరువాతి వారం మామూలు రోజున వెళ్ళడం మంచిది. ఒక సాధారణ బైనాక్యులర్ లేకుండా మాత్రం వెళ్ళవద్దు. అది లేని పిల్లవాడికి దూరాన ఉన్న ఫ్లెమింగోల గుంపు తెల్లటి చుక్కల వరుసే.

శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం చూపించవచ్చు గదా అని చాలామంది అడుగుతారు. ప్రయోగాల సమయంలో ముందుగా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకున్న వారిని వీక్షణ గ్యాలరీలోకి అనుమతిస్తారు. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలకు అది జీవితకాలం గుర్తుండే దృశ్యమే. కానీ గంటల ముందు చేరి ఎండలో వేచి ఉండాలి, పైగా ప్రయోగాలు చివరి నిమిషంలో వాయిదా పడడం మామూలే. మూడేళ్ళ పిల్లను ఎత్తుకొని ఆ నిరీక్షణకు సిద్ధపడడం నాకు సరైన నిర్ణయంగా తోచదు.

ఈ దారిలో ఇంకొక చిక్కు ఉంది, అది మన తిరుపతి ఇళ్ళకు ప్రత్యేకమైనది. వెంట అవ్వాతాతలుంటే శ్రీకాళహస్తి రాగానే "ఎటూ దారిలోనే ఉంది కదా, స్వామిని చూసి పోదాం" అంటారు. రాహుకేతు పూజల రద్దీలో ఆ దర్శనం అరపూట తీసుకుంటుంది, ఆ తరువాత నేలపట్టు చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంటుంది. కాళహస్తికి మరొక రోజు విడిగా వెళ్దామని ముందురోజు రాత్రే ఒప్పించుకోవడం మేలు.

మైపాడు

నెల్లూరు మనకు నూటముప్పై అయిదు కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడి నుండి ఇందుకూరుపేట మీదుగా మైపాడు బీచ్ మరో పాతిక కిలోమీటర్లు. నాయుడుపేట దాకా పులికాట్ దారే, ఆ తరువాత జాతీయ రహదారి. విరామాలతో కలిపి మూడున్నర గంటలు. రోడ్డు అంతా చదునుగా, వెడల్పుగా ఉంటుంది కాబట్టి పిల్లలకు వాంతులు తక్కువ. నెల్లూరులో పిల్లల ఆసుపత్రులకూ మందుల దుకాణాలకూ కొరత లేదు. ఏడాది, రెండేళ్ళ పిల్లలున్న వారికి ఈ ధీమా చాలా విలువైనది.

బీచ్‌లో పెద్దగా ఆకర్షణలు లేవు. ఇసుక, అలలు, పడవలు, వలలు, నాలుగు బజ్జీల బండ్లు. అయితే ఐదేళ్ళ పిల్లకు సముద్రం దగ్గర ఇంతకన్నా ఏమి కావాలో నాకు తెలియదు. మైపాడు మీద నా ఫిర్యాదు ఒక్కటే, ఊరికి దూరం కావడం వల్ల గదుల ఎంపిక పరిమితం. చాలామంది నెల్లూరులో బస చేసి తెల్లవారుజామున బీచ్‌కు వెళ్ళి వస్తారు, అంటే నేను చెప్పిన రెండవ కొలమానం ఇక్కడ ఓడిపోతుంది. పిల్లలను అయిదింటికి లేపగలిగిన ఇళ్ళకు అదేమీ అడ్డంకి కాదు. నెల్లూరు చేపల పులుసు గురించి చెప్పనవసరం లేదు గానీ, ఆ కారం పిల్లలకు తగదు కనుక వారికి వేరుగా పెరుగన్నమో, ఇడ్లీయో చూసుకోవాలి.

ఇంకా దగ్గరగా మన జిల్లాలోనే వాకాడు మండలంలో తూపిలిపాలెం తీరం ఉంది. నిశ్శబ్దం కోరుకునే పెద్దలకు అది బాగుంటుంది. మరుగుదొడ్డి, నీడ, మంచినీరు వెతుక్కోవలసిన చోటికి చిన్నపిల్లలను తీసుకువెళ్ళమని నేను చెప్పను.

మహాబలిపురం, ఓపిక ఉంటే పుదుచ్చేరి

మొదటిసారి రెండు రాత్రుల యాత్ర చేసే తిరుపతి కుటుంబానికి నా సలహా మహాబలిపురమే. కారణం సముద్రం ఒక్కటే కాదు. చిన్నపిల్లలు సముద్రం దగ్గర ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు గడపగలరు. మధ్యలో మిగిలే ఏడెనిమిది గంటల ఎండపూటను ఏమి చేయాలన్నదే తల్లిదండ్రులకు అసలు ప్రశ్న. ఈ నాలుగు దారులలో ఆ ప్రశ్నకు సమాధానం ఉన్నది ఇక్కడే. 1976లో మొదలైన మొసళ్ళ పార్కు, దక్షిణాది పాత ఇళ్ళను విప్పి తెచ్చి మళ్ళీ నిలబెట్టిన దక్షిణచిత్ర, ముట్టుకాడు పడవలు, అన్నీ ఈసీఆర్ మీద ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. ఇలాంటి చోట్లకు సోమ, మంగళవారాలలో ఏదో ఒక రోజు సెలవు ఉంటుంది కాబట్టి వారాంతానికి ఆ రెండు రోజులను జతచేసి వెళ్ళడం అంత మంచిది కాదు.

పల్లవుల శిల్పాలు పిల్లలకు విసుగు పుట్టిస్తాయని కొందరు భయపడతారు. పెద్దలు చరిత్ర పాఠం మొదలుపెడితే తప్పకుండా విసుగు పుడుతుంది. వాలు మీద జారిపోబోతున్నట్టు నిలిచిన వెన్నముద్ద బండను తోయడానికి ప్రయత్నించని పిల్లవాడిని నేను ఇంతవరకు చూడలేదు. పెద్ద బండ మీద చెక్కిన ఏనుగుల గుంపు, తపస్సు చేస్తున్న పిల్లి, దాని చుట్టూ ఎలుకలు ఉన్నాయి. ఆ దొంగ పిల్లిని ఎవరు ముందు కనిపెడతారో అని పందెం వేస్తే అరగంట గడిచిపోతుంది. 1984లో యునెస్కో జాబితాకు ఎక్కిన ఈ కట్టడాలకు పదిహేనేళ్ళ లోపు పిల్లలకు టికెట్ లేదు.

ఇక దారి. మనవాళ్ళలో చాలామంది అలవాటుగా చెన్నై నగరంలోకి వెళ్ళి, అక్కడి నుండి ఈసీఆర్ పట్టుకుంటారు. పిల్లలు ఉన్నప్పుడు ఆ పని చేయవద్దు. పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్ళూరు మీదుగా వెళ్ళి, నెమిలిచ్చేరి దగ్గర చెన్నై అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కితే వండలూరులో దిగవచ్చు. అక్కడి నుండి కేళంబాక్కం, కోవళం మీదుగా ఈసీఆర్ చేరితే నగరం మొత్తం తప్పిపోతుంది. దూరం రెండు వందల కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది, విరామాలు కాకుండా నాలుగున్నర గంటల లోపు పడుతుంది. నేను పెట్టిన నాలుగు గంటల హద్దును ఇది కొంచెం దాటుతుందన్నది నిజమే, అయితే వండలూరులోనే పెద్ద జంతు ప్రదర్శనశాల ఉండడం వల్ల ప్రయాణాన్ని అక్కడ రెండుగా విరవవచ్చు. మంగళవారం దానికి సెలవు.

తిరుపతి వాళ్ళకు ఈ దారిలో ఒక ఎదురు లాభం ఉంది. శుక్రవారం రాత్రి, శనివారం ఉదయం చెన్నై నుండి బండ్లన్నీ కొండకు వస్తాయి, ఆదివారం సాయంత్రం అన్నీ తిరిగి వెళ్తాయి. మనము శుక్రవారం అటు వెళ్ళి, ఆదివారం సాయంత్రం ఇటు వస్తాము. రద్దీ ఎప్పుడూ డివైడర్‌కు అవతలి పక్కనే ఉంటుంది. పుత్తూరు దాటేటప్పుడు ఎముకల కట్టు బోర్డులు చూసి కారులో ఎవరో ఒకరు జాగ్రత్తగా నడపమని గుర్తు చేయడం కూడా మన వైపు ఆనవాయితీయే.

పుదుచ్చేరి అక్కడి నుండి మరో తొంభై అయిదు కిలోమీటర్లు. ఊరు అందంగా ఉంటుంది, సాయంత్రం వాహనాలు లేని ప్రొమెనేడ్ మీద పిల్లలు భయం లేకుండా పరుగెత్తవచ్చు. అయితే ఆ రోడ్డు వెంబడి ఎక్కువ మేర ఇసుక ఉండదు, నల్లటి బండరాళ్ళు ఉంటాయి. నీటిలో ఆడుకోవడానికి చున్నాంబార్ నుండి పడవలో వెళ్ళే తీరానికో, ఊరి బయటి బీచ్‌లకో వెళ్ళాలి, అక్కడ అలల ఉరవడి ఎక్కువ. సముద్రంలో ఆడుకోవడమే పిల్లల కోరిక అయినప్పుడు పుదుచ్చేరి పెద్దల ఊరు అనే నా అభిప్రాయం. మూడు రాత్రుల సెలవు ఉండి, పిల్లలు ఆరేళ్ళు దాటితేనే దీనిని మహాబలిపురానికి జతచేయండి. రెండు రాత్రులలో రెండు ఊళ్ళు పెట్టుకుంటే మూటలు విప్పడానికీ కట్టడానికీ సమయం సరిపోతుంది.

సూర్యలంక

మన రాష్ట్రంలో పిల్లలు ఆడుకోవడానికి వెడల్పైన ఇసుక తీరం కావాలంటే బాపట్ల దగ్గరి సూర్యలంక చాలా మంచిది. సమస్య దూరమే. నెల్లూరు, ఒంగోలు, చీరాల మీదుగా మూడు వందల ఇరవై కిలోమీటర్లు దాటుతుంది. విరామాలతో ఏడెనిమిది గంటలు పడుతుంది కనుక చిన్నపిల్లలున్న వారు నెల్లూరులో ఒక రాత్రి ఆగక తప్పదు. అప్పుడు అది నాలుగు రోజుల యాత్ర అవుతుంది. దసరా, సంక్రాంతి వంటి సెలవులకు తప్ప వీలు కాదు.

ఇక్కడ కారును ఇంటి దగ్గరే వదిలేయడాన్ని కూడా ఒక ఎంపికగా పరిగణించాలి. తిరుపతి నుండి విజయవాడ వైపు వెళ్ళే రైలు మార్గం గూడూరు, నెల్లూరు, ఒంగోలు, చీరాల, బాపట్ల మీదుగానే సాగుతుంది. రాత్రి రైలులో పిల్లలు నిద్రపోతూ వెళ్తే, తెల్లవారి అక్కడ దిగి స్థానికంగా కారు మాట్లాడుకోవచ్చు. బాపట్ల నుండి బీచ్ పది కిలోమీటర్ల లోపే. ఈ ఒక్క దారికి మాత్రం సొంత కారు కన్నా రైలే మంచిదని నా నిర్ణయం. కార్తీక మాసంలో వనభోజనాలకూ సముద్ర స్నానాలకూ వచ్చే జనం ఇక్కడ చాలా ఎక్కువ కాబట్టి, చేయి వదిలితే తప్పిపోయే వయసు పిల్లలున్నవారు ఆ నెలను వదిలేయాలి.

ఏ నెలలో, ఏ సీటులో

అక్టోబరు మధ్య నుండి డిసెంబరు మధ్య వరకు ఈశాన్య రుతుపవనాల కాలం. వాయుగుండాలు నెల్లూరు, చెన్నై తీరాల మీదకే ఎక్కువగా వస్తాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను చెన్నైని ముంచి, బాపట్ల దగ్గర తీరం దాటింది. ఈ రెండు నెలల్లో గది బుక్ చేసేటట్లయితే రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి వచ్చే పద్ధతిలోనే చేయాలి. జనవరి రెండవ వారం నుండి మార్చి మొదటి వారం వరకు అన్ని దారులకూ మంచి కాలం. వేసవి సెలవుల్లో తప్పదనుకుంటే, ఉదయం ఎనిమిది లోపు, సాయంత్రం అయిదు తరువాత మాత్రమే ఇసుక మీదకు వెళ్ళి, మధ్యాహ్నమంతా గదిలో ఉండగలిగే మహాబలిపురం ఒక్కటే భరించదగినది.

సంక్రాంతికి మహాబలిపురం వెళ్ళాలనుకునేవారు ఒక సంగతి గమనించాలి. కనుమ నాడు కాకైనా కదలదని మనము ఇల్లు కదలము. తమిళనాడులో దాని మరుసటి రోజు, అంటే మన ముక్కనుమ నాడు, కాణుం పొంగల్ అని ఊరంతా బీచ్‌లకు వస్తుంది. ఆ రోజు ఈసీఆర్ మీద కారులో ఉన్నవారికి సముద్రం కన్నా ముందు కారు వెనుక లైట్లే ఎక్కువ కనిపిస్తాయి.

పిల్లలను ఏ పక్క కూర్చోబెట్టాలన్నది చిన్న విషయంలా కనిపించినా దారిని బట్టి మారుతుంది. మహాబలిపురం వైపు ఉదయం దక్షిణంగా వెళ్ళేటప్పుడు తూర్పు ఎండ ఎడమ కిటికీలో పడుతుంది. సాయంత్రం ఉత్తరంగా తిరిగి వచ్చేటప్పుడు పడమటి ఎండ కూడా ఎడమ కిటికీలోనే పడుతుంది. నెల్లూరు, బాపట్ల దారిలో రెండుసార్లూ కుడి వైపే ఎండ. పసిపిల్లల సీటును ఆ లెక్క ప్రకారం నీడ వైపుకు బిగించుకోవాలి. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు సీటు బెల్టు గానీ, వారి వయసుకు తగిన ప్రత్యేక సీటు గానీ లేకపోతే మోటారు వాహనాల చట్టం ప్రకారం వెయ్యి రూపాయల జరిమానా ఉంది. జరిమానా మాట ఎలా ఉన్నా, ముందు సీటులో తల్లి ఒడిలో బిడ్డ కూర్చునే మన అలవాటు ఈ రహదారుల వేగానికి అస్సలు పనికిరాదు.

వాంతులు ఎందుకు వస్తాయంటే, శరీరం కదులుతోందని చెవి లోపలి భాగం చెబుతుంటే, చేతిలోని ఫోను మీద నిలిచిన కళ్ళు కదలడం లేదని చెబుతాయి. ఆ తగవు తీర్చలేక మెదడు కడుపును తిప్పుతుంది. అందుచేత పిల్లలు ఏడవకుండా ఉండాలని ఫోను ఇవ్వడం వాంతులను కొని తెచ్చుకోవడమే. పాటలు, కథలు, దారిలో కనిపించే లారీల రంగులు లెక్కపెట్టే ఆట మేలు. బయలుదేరే ముందు పూరీ, దోశ వద్దు, రెండు ఇడ్లీలు చాలు.

సొంత కారా, అద్దె కారా అన్న ప్రశ్నకు నేను దూరాన్ని బట్టి సమాధానం చెబుతాను. పులికాట్, మైపాడులకు సొంత కారే సుఖం. మహాబలిపురానికి ఇద్దరు పెద్దలలో ఒక్కరే నడపగలిగితే డ్రైవరుతో అద్దె కారు తీసుకోవడం మంచిది, నడిపే వ్యక్తి అలసిపోతే ఆ చిరాకు పిల్లల మీద పడుతుంది. అద్దె కారు రాష్ట్రం దాటేటప్పుడు పర్మిట్ పన్ను ఎవరు కట్టాలో, డ్రైవరు బస ఖర్చు ఎవరిదో ముందే మాట్లాడుకోవాలి. సొంత కారుకు 2025 ఆగస్టు 15 నుండి వచ్చిన ఫాస్టాగ్ వార్షిక పాస్ జాతీయ రహదారుల గేట్లకే వర్తిస్తుంది. రాష్ట్ర ప్రభుత్వాల రహదారుల మీది గేట్లలో మామూలు రుసుము కట్టవలసిందే కాబట్టి ఫాస్టాగ్‌లో కొంత డబ్బు ఉంచుకోండి.

నీటి దగ్గర

మన తూర్పు తీరం అంతటా అలలు పైకి మామూలుగా కనిపించినా, లోపలికి లాగే ప్రవాహాలు ఉంటాయి. అందుకే ఏ బీచ్ అయినా పిల్లల మోకాలి లోతు దాటనివ్వవద్దు, ఆ లోతులో కూడా పెద్దవారు పిల్లల కన్నా సముద్రం వైపు నిలబడాలి, ఒడ్డు వైపు కాదు. ఇద్దరు పిల్లలకు ఒక్క పెద్ద మనిషి చాలడు. ఫోను, ఫోటోలు మూడవ వ్యక్తికి అప్పగించాలి. చేపల పడవలు లాగే చోట, రాళ్ళు పేర్చిన చోట, నది సముద్రంలో కలిసే చోట నీటిలోకి దించకండి. ఎరుపు, నారింజ రంగు బట్టలు నీటిలో దూరానికి కనిపిస్తాయి. నీలం, తెలుపు అలలలో కలిసిపోతాయి.

మనకు ఒక సహజమైన వరం కూడా ఉంది. తూర్పు తీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. పిల్లలు ఎలాగూ తెల్లవారుజామునే లేస్తారు. ఆరు గంటలకు వారిని ఇసుక మీదకు తీసుకువెళ్తే ఎండ ఉండదు, జనం ఉండరు, తడి ఇసుకలో ఎండ్రకాయల రంధ్రాలు ఇంకా చెరగకుండా ఉంటాయి. ఎనిమిదింటికి వెనక్కు వచ్చి స్నానం, టిఫిన్ ముగిస్తే రోజంతా మిగిలే ఉంటుంది. బీచ్‌కు ఎదురుగా గది కావాలని నేను పట్టుబట్టేది ఈ రెండు గంటల కోసమే. గది బుక్ చేసే ముందు హోటల్‌కు ఫోను చేసి "మీ గేటు నుండి ఇసుకకు ఎన్ని అడుగులు, మధ్యలో రోడ్డు దాటాలా" అని ఈ మాటల్లోనే అడగండి. "దగ్గరేనండి" అన్న జవాబు వస్తే, ఇంకొక హోటల్‌కు ఫోను చేయండి.

ఎవరికి ఏది

రెండేళ్ళ లోపు బిడ్డ ఉన్న ఇంటికి, చలికాలమైతే, పులికాట్ ఒక్క రోజు. మూడు నుండి ఆరేళ్ళ పిల్లలకు రెండు రాత్రుల మహాబలిపురం, నగరంలోకి వెళ్ళకుండా. ఖర్చు తగ్గించుకోవాలనుకునేవారికి, భాష సమస్య వద్దనుకునేవారికి, పిల్లల ఆరోగ్యం విషయంలో బెంగ ఎక్కువగా ఉన్నవారికి నెల్లూరులో బసతో మైపాడు. ఏడేళ్ళు దాటిన పిల్లలు, నాలుగు రోజుల సెలవు, రైలు టికెట్లు మూడూ కుదిరితే సూర్యలంక. ఇద్దరు పిల్లల వయసులలో తేడా ఎక్కువగా ఉన్నప్పుడు చిన్నవారి వయసును బట్టే నిర్ణయించాలి. పెద్దవాడు సర్దుకుంటాడు, చిన్నది సర్దుకోదు.

ఏ దారి ఎంచుకున్నా తిరుగు ప్రయాణాన్ని చీకటి పడక ముందే ముగించండి. రేణిగుంట నుండి తిరుపతి దాకా రాత్రి పూట యాత్రికుల బస్సులు, ఆటోలు కలిసి ఆ చివరి పది కిలోమీటర్లనే అన్నిటికన్నా పొడవుగా చేస్తాయి. ఇల్లు చేరాక అన్నం వండే ఓపిక ఉండదు కాబట్టి, బయలుదేరే రోజునే దోశ పిండి రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్ళండి. ఇసుక నిండిన పిల్లల చెప్పులను మాత్రం గుమ్మం బయటే విప్పించండి.